ఒక పెట్టెలో రెండు కాపురాలు

పోయిన నెల మా ఆడబిడ్డ సుజాత మిర్యాలగూడ నుంచి వచ్చింది. అక్కడ కాలేజీ పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్తుంది. మధ్యాహ్నం హాల్లో చాప మీద కూర్చుని, నాతోపాటు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూనే, మా బిడ్డ కొత్తగా కొనుక్కున్న ల్యాప్‌టాప్‌ను పక్కన తెరిచి పెట్టుకుంది. "వదినె, దీంట్ల విండోస్ ఉన్నది గద, దాని పక్కకే లైనక్స్ గూడ ఏస్తున్న. కోడలు అడిగింది" అంది. నా చేతిలో కాయ అక్కడే ఆగిపోయింది. తెర మీద ఒక గీత మెల్లగా నిండుతుంటే చూడలేక లేచి వంటింట్లోకి పోయాను. బియ్యం కడిగాను. కడిగినవే మళ్ళీ కడిగాను. ఇరవై నిమిషాలకు "అయిపోయింది వదినె, రా" అని కేక వేసింది. నేను పోతే నా మొహం చూసి నవ్వబోయి, సగంలోనే ఆపేసింది. ఆ శుక్రవారం ఆమెకూ గుర్తొచ్చిందని నాకు అర్థమైంది.

నేను చదివింది ఏడో తరగతి. కంప్యూటర్ గురించి నాకు తెలిసినదంతా పక్కన నిలబడి చూసి నేర్చుకున్నదే. ఆ పెట్టె దానంతట అది నడవదు, లోపల ఇల్లు నడిపే ఇల్లాలి లాంటిది ఒకటి ఉండాలి. మా పెట్టెలో విండోస్ అనే ఇల్లాలు ఉండేది. లైనక్స్ ఇంకో ఇల్లాలు. ఎక్కడెక్కడివాళ్ళో కలిసి రాసి, లోపలి రాతను కూడా దాచకుండా అందరికీ ఊరికే ఇచ్చేశారట. ఎవరైనా విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఒకే పెట్టెలో గోడ కట్టి ఇద్దరినీ పెట్టుకోవచ్చు. పొద్దున మీట నొక్కగానే "ఎవరు లేవాలె?" అని పెట్టె అడుగుతుంది. ఇదంతా చదువుకునే రోజుల్లో సుజాత నాకు పరదా పక్కన నిలబడి చెప్పిన మాట.

పరదా అంటే మా సూర్యాపేట ఇంటి పరదా. బస్టాండు వెనక సందులో మాది మూడు గదుల ఇల్లు. ముందు గది మా ఆయన ఫోటో స్టూడియో, వెనక రెండు గదులు మా కాపురం. నడుమ పాత చీర పరదా. అటు ల్యామినేషన్ మిషన్ వేడెక్కితే వచ్చే ప్లాస్టిక్ వాసన, ఇటు చింతపండు పులుసు వాసన, పరదా దగ్గర నిలబడితే రెండూ కలిసి వచ్చేవి. పాస్‌పోర్టు ఫోటోకు వచ్చినవాళ్ళకు దువ్వెన, పౌడరు అందించేది నేనే. పెండ్లి ఫోటోలు పెట్టెలోకి ఎక్కించాక వాటి ముందు కూర్చునేది కూడా నేనే. కండ్లు మూసుకున్నవాళ్ళను ఏరేయడం, ఎవరు ఎవరికి ఏమవుతారో చెప్పి ఆల్బమ్‌లో వరస కుదర్చడం నా పని. ఒకసారి చూసిన మొహాన్ని నేను మర్చిపోను. మా ఆయన ప్రతి పెండ్లికీ మూడు ఫోల్డర్లు పెట్టేవాడు. ఒకటి ముహూర్తం, ఒకటి రిసెప్షన్. ఈ రెండింట్లో ఇమడనివన్నీ, వంటల దగ్గరివి, పిల్లలవి, చెప్పుల దగ్గర కునుకు తీసే ముసలాయనవి, మూడోదాంట్లో వేసి దానికి చిల్లర అని పేరు పెట్టేవాడు.

ఆ రోజుల్లో మా ఇంట్లో పొద్దు నడిచేది రెండు లెక్కల మీద. ఒకటి గోడ మీది క్యాలెండరు. అది మా అత్తమ్మది. తానం చేసి, తడి జుట్టు ముడి వేసుకుని, దారం కట్టిన కండ్లద్దాలు పెట్టుకుని, రాహుకాలం ఎప్పుడు, వర్జ్యం ఎప్పుడు అని పైకి చదివి ఇంట్లో అందరికీ వినిపించేది. అప్పటిదాకా ఎవరమూ కొత్త పని ముట్టేవాళ్ళం కాదు. రెండో లెక్క క్యాలెండరు పక్కనే సున్నం మీద మా ఆయన పెన్సిల్‌తో రాసిన కరెంటు కోత వేళలు. వారానికోసారి మారేవి, ఆయన చెరిపి మళ్ళీ రాసేవాడు. నీళ్ళ డ్రమ్ము నింపడం, పిండి రుబ్బడం, ఫోటోలు ప్రింటు తీయడం అన్నీ ఆ గీతల ప్రకారమే. రెండు లెక్కలూ పక్కపక్కనే ఉండేవి గానీ, ఒకదాన్ని చూసేవాళ్ళు రెండోదాన్ని చూసేవాళ్ళు కాదు.

సుజాత అప్పుడు కోదాడలో ఇంజనీరింగ్ చివరి సంవత్సరం. పొద్దున బస్సుకు పోయి సాయంత్రం వచ్చేది. ఆమె ప్రాజెక్టు లైనక్స్ మీదనే నడవాలని సార్లు అన్నారు. కాలేజీ ల్యాబులో కంప్యూటర్లు తక్కువ, పిల్లలు ఎక్కువ. సోమవారం ప్రాజెక్టు చూపించాలి. మా ఆయన గరిడేపల్లికి రెండు రోజుల పెండ్లికి పోతూ, "నేనొచ్చినంక సూద్దాం తీ" అని బండెక్కాడు. వచ్చేది శనివారం సాయంత్రం. ఆ మాటకు సుజాత మూల కూర్చుని కండ్లనీళ్ళు పెట్టుకుంది. నాకు పాణం ఆగలేదు. "నువ్వు ఏసుకో పిల్లా, మీ అన్నకు నేను చెప్త" అన్నాను. ఆ మాట నాది. ఆమె అడగలేదు.

ఏది వేయాలన్నది మొదటి పేచీ. కోదాడలో ఆమె జతగత్తె లావణ్య మూడు రకాల డిస్కులు ఇచ్చి పంపింది. ఒకదానికి నాలుగైదు డిస్కులు వరసగా మార్చాలి, మా పాత పెట్టె దాన్ని మొయ్యలేదు. ఇంకోదాంట్లో బొమ్మలేమీ లేవు, నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. సుజాతకు అదే ఇష్టమైంది గానీ, పొరపాటున మా ఆయన తెరిస్తే గుండె ఆగుతుందని నేను వద్దన్నాను. మూడోది ఉబుంటు. దాన్ని పెట్టెలోకి దించకుండానే డిస్కు మీదనే నడిపి చూడొచ్చు. గోధుమరంగు తెర వచ్చింది, మౌస్ కదిలింది, పాట కూడా మోగింది. "పెండ్లిసూపుల లెక్కనే ఉన్నది" అంది అత్తమ్మ. "పిల్ల నలుపైనా కళ ఉన్నది. ఇదే ఖాయం జేసుకోర్రి." అట్లా ఆ ఎంపిక చేసింది మా అత్తమ్మే.

శుక్రవారం పొద్దున పదిగంటలకు వంట ముగించుకుని కూర్చున్నాం. "ముందుగాల ఫోటోలు డిస్కులల్ల దాసుకోవాలె వదినె. కాలేజీల మొదలు చెప్పేది గదే" అంది సుజాత. పాత పెండ్లిళ్ళవి ఎప్పుడో దాచి ఇచ్చేశాం. ఉన్నది ఈమధ్యే మా ఆయన తీసిన మిర్యాలగూడ పెండ్లి ఒక్కటే. కెమెరాలో కార్డులు గరిడేపల్లి పెండ్లికి ఖాళీ చేసుకుపోయాడు కాబట్టి ఆ ఫోటోలు ఈ పెట్టెలో తప్ప ఇంకెక్కడా లేవు. డబ్బాలో ఖాళీ డిస్కులు రెండే ఉన్నాయి. ఇంకోటి కొనుక్కొస్తానని సుజాత చెప్పులు వేసుకుంది. నేనే ఆపాను. "ముహూర్తం ఒకదాంట్ల, రిసెప్షన్ ఒకదాంట్ల ఎయ్యి. తాళి, తలంబ్రాలు ఉన్నయంటే పెండ్లి ఉన్నట్టే. చిల్లరతోని ఎవరికి పని?" అన్నాను.

అంతలో అత్తమ్మ క్యాలెండరు దగ్గర నుంచి పలికింది. "పదిన్నరకెల్లి పన్నెండు దాక రాహుకాలం. ఇంట్లకు కొత్తదాన్ని తెస్తున్నరు, ఇప్పుడు ముట్టకుర్రి."

"మరి డిస్కులు ఏస్తున్నం గద అమ్మా?" అంది సుజాత.

"ఉన్నదాన్ని దాసుకునుడుకు రాహుకాలం అడ్డం రాదు. కొత్తది మొదలువెట్టుడుకే వస్తది."

ముగ్గురం ఒప్పుకున్నాం. సుజాత కూడా. ఇంజనీరింగ్ చదివినా ఆమెదీ ఆ ఇంటి రక్తమే. ఎవరమూ తల రెండంగుళాలు పక్కకు తిప్పి పెన్సిల్ గీతలు చూడలేదు.

పన్నెండు దాటాక అత్తమ్మ పెట్టెకు కుంకుమ బొట్టు పెట్టింది, సుజాత మొదలుపెట్టింది. తెర మీద ఒక పొడుగాటి పట్టీ వచ్చింది. దాని నడుమ గీతను మౌస్‌తో పట్టి లాగాలి. గీతకు ఇటు పాతదానికి, అటు కొత్తదానికి. "ఎవరికెంత?" అని అత్తమ్మ అడిగింది. "పాతదానికి ముప్పాతిక, కొత్తదానికి పావు" అంది సుజాత. "పాళ్ళు సమానంగ లేకుంటె కొట్లాడుకోవానే?" "అవి మనుషులు గావు అమ్మా, జర ఊకో." నొక్కింది. ఇక మధ్యలో ఆపకూడదని తెర మీద రాత వచ్చింది. పెట్టె లోపలి డిస్కు నిండుగా ఉంది కాబట్టి, కొత్తదానికి చోటు చేయడానికి సామానంతా ఈ మూల నుంచి ఆ మూలకు సర్దుకుంటుందట. గంట అవుతుందనుకున్నాం. గంట దాటింది, పట్టీ సగానికి కూడా రాలేదు.

అప్పుడే స్టూడియో ఫోను మోగింది. మిర్యాలగూడ పెండ్లిపిల్ల రేణుక.

"అక్కా, ఫోటోలు అయినయా?"

"ఇంకో వారం పడతది బిడ్డా. ఏమైంది, గొంతు గట్లున్నది?"

"మా అమ్మ సచ్చిపోయిందక్కా. మొన్న బుధవారం. ఊరికెనే, నిద్రలనే." ముక్కు చీదింది. "పెద్దకర్మకు ఫోటో పెట్టాలె. ఇల్లంత ఎతికినం, ఒక్కటి లేదు. ఓటరు కార్డు మీదున్నది ఒక్కటే, గది మా అమ్మలెక్క లేనే లేదు. పెండ్లిల మా అమ్మది దిగిండా అన్న? ఒక్కటన్న ఉన్నదా అక్కా?"

ఉన్నది. ఎక్కడ ఉందో కూడా నాకు తెలుసు. రేణుక తండ్రి ఆమె చిన్నప్పుడే పోయాడు. తల్లి రైసుమిల్లులో వడ్లు ఆరబోసి పిల్లను పెంచింది. అయినా భర్త లేని మనిషి అని పెండ్లి పీటల మీదికి రానీయలేదు. కన్యాదానం మేనమామ, మేనత్త చేశారు. ముహూర్తం ఫోల్డరులో మూడు వందల ఫోటోలు ఉంటే ఒక్కదాంట్లోనూ ఆ తల్లి లేదు. రిసెప్షన్‌లోనూ స్టేజీ ఎక్కలేదు. ఆమె ఉన్నదంతా వంటల దగ్గర, చిల్లరలో. ఆకుపచ్చ చీర, చేతిలో గరిటె. ఆరు ఫోటోలు.

"ఉన్నది బిడ్డా" అన్నాను. ఆ మాట అనకుండా ఎట్లా ఉండాలి? ఫోను పెట్టి తిరిగి చూస్తే సుజాత నా మొహమే చూస్తోంది. "చిల్లరల" అన్నాను అంతే. ఆమె ముందు తెర వైపు చూసింది, తర్వాత గోడ వైపు చూసింది. నేను కూడా అప్పుడే చూశాను. శుక్రవారం, రెండు నుంచి నాలుగు, కోత. గడియారంలో రెండుకు ఐదు నిమిషాలు తక్కువ.

కరెంటోళ్ళు ఏ రోజూ అంత సరిగ్గా తీయలేదు, ఆ రోజు తీశారు. ఫ్యాను ఆగింది. పెట్టె కింద ఉన్న యూపీఎస్ కీక్ కీక్ అని మొదలుపెట్టింది. దాని బ్యాటరీ ముసలిది, పది నిమిషాలకు మించి ఆగదని మా ఆయన ఎప్పుడూ చెప్పేవాడు. సుజాత సెల్లులో లావణ్యకు ఫోన్ చేసి, మాకు వినిపించేట్టు పెట్టింది.

"అమ్మో, ఆపకే సుజాతా! మధ్యలో ఆగిందంటే ఫోటోలన్నీ పోతాయి. ఎట్టాగైనా కరెంటు చూసుకోండి. ముందు మానిటర్ కట్టేసెయ్, బ్యాటరీ కాస్త ఎక్కువ సేపు వస్తది."

కట్టేసింది. ఇంక పట్టీ లేదు, అంకె లేదు. ఎంత అయిందో, ఎంత మిగిలిందో తెలియదు. నల్లటి తెర, లోపల డిస్కు గింజలు నమిలినట్టు చేసే చప్పుడు, చిన్న ఎర్ర దీపం. సుజాత పెట్టె మీద చెయ్యి పెట్టి కూర్చుంది, జ్వరం వచ్చిన పిల్ల నుదుటి మీద పెట్టినట్టు.

నేను ఎదురింటికి ఉరికాను. ఖాదర్ భాయిది టెంటుహౌజు, ఆయన దగ్గర చిన్న జనరేటర్ ఉంది. శుక్రవారం మధ్యాహ్నం ఆయన నమాజులో ఉంటాడని గుమ్మం దాకా పోయాకగానీ తట్టలేదు. షట్టరు వేసి ఉంది. వెనక గుమ్మంలో ఆయన భార్య ఫాతిమక్క పెసలు చెరుగుతోంది. నేను ఏం చెప్పానో నాకే తెలియదు. కరెంటు, ఫోటోలు, సచ్చిపోయింది, పది నిమిషాలు, ఈ మాటలే అన్నాను. ఆమె చేట కింద పెట్టింది. "మీ అన్న నమాజుకెల్లి వచ్చేసరికి ఖతం అయితది. నడువ్" అని తాళంచెవి తీసింది.

జనరేటరును ఇద్దరం గుమ్మం దాకా ఈడ్చాం. ఆమె తాడు చుట్టి ఒకసారి గుంజింది, దగ్గింది. రెండోసారి గుంజింది, పొగ వచ్చింది. "ముసల్దానా, ఇయ్యాల సతాయించకు" అని తిట్టి మూడోసారి గుంజితే అందుకుంది. పెండ్లి పందిట్లో కరెంటు బుగ్గలకు వాడే వైరు చుట్ట విప్పి నా భుజాన వేసింది. సందు దాటించాలి. అటు చూస్తే మా అత్తమ్మ అప్పటికే సందు నడుమ రెండు చేతులు చాచి నిలబడి ఉంది.

"ఆగుర్రి! వైరు తొక్కినోని కాళ్ళు ఇరగ్గొడ్త!"

ఆటో ఆపిన పిల్లగాడు తల బయటపెట్టాడు. "ఏమైందవ్వా? ఎవరికన్న సీరియస్సా? దవాఖానకు తీస్కపోవాల్నా?"

"దవాఖానల అయ్యే పని గాదు బిడ్డా. నువ్వు బండి ఆపితె చాలు."

లోపలికి పోయేసరికి యూపీఎస్ అరుపు మారింది. ఇంతకుముందు ఆగి ఆగి అరిచేది, ఇప్పుడు ఊపిరి తీసుకోకుండా అరుస్తోంది. "వదినె, అయిపోయింది, అయిపోతున్నది" అంటోంది సుజాత. గోడలోంచి యూపీఎస్ ప్లగ్గు పీకి, వైరు చివరి బోర్డులో గుచ్చాను. అరుపు ఆగలేదు. "సాలుత లేదు, ఫాతిమక్కా! సాలుత లేదు!" అని గుమ్మంలోంచి అరిచాను. ఆమె ఏదో తిప్పింది, జనరేటర్ గొంతు పెరిగింది. యూపీఎస్ లోపల టక్కుమంది. అరుపు ఆగిపోయింది.

సుజాత మానిటర్ మీట నొక్కడానికి వెనకాడింది. నేనే నొక్కాను. పట్టీ ముప్పాతిక దగ్గర ఉంది, కదులుతోంది. జనరేటర్ దగ్గర ఫాతిమక్క, వైరు దగ్గర అత్తమ్మ, తెర ముందు మేమిద్దరం, అట్లా ఇంకో నలభై నిమిషాలు ఎక్కడివాళ్ళం అక్కడే ఉన్నాం. నడుమ ఊరు ఏదని తెర అడిగింది. మన దేశంలో కలకత్తా తప్ప వేరే ఊరు చూపలేదు, అదే నొక్కాం. అంతా అయి పెట్టె ఆగి మళ్ళీ లేచినప్పుడు నల్లటి తెర మీద పేర్ల వరస వచ్చింది. పైన కొత్తది, అన్నిటికంటే కింద విండోస్. సుజాత బాణం కిందికి దించి నొక్కింది. నేరుగా తెరుచుకోలేదు. డిస్కును పరీక్షిస్తున్నానని చెప్పి అంకెలు పరుగెత్తించడం మొదలుపెట్టింది. "ఇది మామూలే వదినె, ఇట్లనే అడుగుతదని లావణ్య చెప్పింది" అంది గానీ, ఆమె గోళ్ళు నా మోచేతిలో దిగబడ్డాయి. ఆ గుర్తులు రెండు రోజులు ఉన్నాయి.

తెరుచుకుంది. సుజాత చిల్లర ఫోల్డరు తెరిచింది. చిన్న చిన్న గళ్ళు తెల్లగా వచ్చి, ఒక్కొక్కటే రంగు నింపుకున్నాయి. పిల్లలు, చెప్పులు, కునుకు తీసే ముసలాయన, బూందీ పళ్ళెం. తర్వాత ఆకుపచ్చ చీర. నేను నేల మీద కూర్చుండిపోయాను.

శనివారం సాయంత్రం మా ఆయన వచ్చి కాళ్ళు కడుక్కుని అన్నం తినేదాకా ఆగి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అరుస్తాడనుకున్నాను. చాలాసేపు పళ్ళెంలో గీతలు గీశాడు. "చిల్లరకు ఇంకెన్ని డిస్కులు పట్టేటియి?" అని అడిగాడు.

"ఒక్కటి."

"ఒక్కటి" అని ఆయన కూడా అన్నాడు. లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఆ ఒక్క మాట కంటే నాలుగు తిట్లు తిన్నా బాగుండేది. అయితే ఆ రోజు నుంచి మా స్టూడియోలో ఆ పేరుతో ఫోల్డరు లేదు. పెండ్లికి పోయే ముందు పిల్ల తల్లి ఎక్కడ నిలబడుతుందని అడగడం మా ఆయన అలవాటు చేసుకున్నాడు.

ఇప్పుడు ప్రతి చేతిలో ఫోను, ప్రతి ఫోనులో వేల ఫోటోలు. అవి పైనెక్కడో దాచి ఉంటాయట, పెట్టె పగిలినా పోవట. కోతలు లేవు, యూపీఎస్ అరుపులు లేవు. లైనక్స్ వేయాలంటే వేలెడంత పెన్‌డ్రైవు చాలు. మేలే, కాదనను. కొన్ని పెండ్లిళ్ళలో భర్త లేని తల్లులు పీటల మీద కూర్చుని కన్యాదానం చేస్తున్నారు, అదీ చూస్తున్నాను. కొన్నింట్లో ఇప్పటికీ వంటల దగ్గరే ఉంటున్నారు. ఫోన్లు ఎన్ని ఉన్నా అటు తిప్పేవాళ్ళు తక్కువ.

సోమవారం సుజాత కోదాడలో ప్రాజెక్టు చూపించింది, పాసైంది. అదే రోజు నేను, మా ఆయన మిర్యాలగూడ పోయాం. రేణుక ఇంటి ముందు ఇంకా పెండ్లి పందిరి గుంజలు పీకలేదు. ఆరు ఫోటోలూ ఆమె చేతిలో పెట్టాను. మొదటి ఐదూ చూసింది, ఏడ్చింది. ఆరోదాని దగ్గర ఏడుపు ఆగింది. దాంట్లో తల్లి గరిటె పట్టుకుని గంగాళం పక్కన నిలబడి ఉంది, గంగాళం వైపు మాత్రం చూడటం లేదు. మెడ చాచి, జనం తలల మీది నుంచి అటెక్కడో చూస్తోంది. అటు దూరంగా, మసకగా, స్టేజీ మీద ఎవరివో ఎత్తిన చేతులు, తలంబ్రాల తెలుపు.

"దీంట్లకెల్లి మీ అమ్మను ఒక్కదాన్నే తీసి పెద్దగ చేద్దామమ్మా. వెనకకు మంచి రంగు పెడత" అన్నాడు మా ఆయన.

"వద్దన్నా. గిట్లనే ఉండనీ." ఆమె వేలు ఫోటోలో తల్లి మొహం మీది నుంచి బయలుదేరి, జనం తలలు దాటి, తలంబ్రాల దాకా పోయి ఆగింది. "తలంబ్రాలప్పుడు అమ్మ కోసం ఎతికిన అక్కా. ఎక్కడ కండ్లవడలే. సూడలేదేమో అనుకున్న" అంది. మళ్ళీ వేలు వెనక్కి తెచ్చి, తల్లి కండ్ల దగ్గర పెట్టింది.

"సూసిందక్కా మా అమ్మ."